ఎడమచేతి బ్రేకు

కిందటి వారం మనోజ్ఞని మనం తాడేపల్లిగూడెం స్టేషన్లో, గంటన్నర లేటుగా వస్తున్న పాసింజరు కోసం ఎదురుచూస్తుండగా వదిలిపెట్టాం. పక్కన భర్త కార్తికేయ ఉన్నాడు. చేతిలో తమ్ముడు మణిదీప్ గీసిన మ్యాపు ఉంది. ఆల్మటీలో మొదలై, కిర్గిజ్ కొండలన్నీ ఎక్కి దిగి, దుషాంబేలో ముగిసే దారి అది. మూడు దేశాల మీదుగా మూడున్నర నెలల సైకిలు ప్రయాణం. బావా బావమరుదులిద్దరూ రెండేళ్ళ పాటు అన్నం దగ్గర కూడా ఆ దారి గురించే మాట్లాడుకున్నారు.

కిందటేడు జనవరిలో, పొగమంచు కమ్మిన ఒక ఉదయం, ఇద్దరూ సాధన కోసం గూడెం నుంచి ఏలూరు బయలుదేరారు. గుండుగొలను దగ్గర టీ తాగి, ఒకరి బండి ఒకరు మార్చుకున్నారు. టీ కొట్టు దాటి కిలోమీటరు వెళ్ళకముందే మణిదీప్ చేపల లారీ కింద పడి చనిపోయాడు. వాడికి ఇరవై ఆరేళ్ళు. లారీ వెనక నుంచి గుద్దేసిందని కార్తికేయ పోలీసులకి చెప్పాడు. కళ్ళారా చూసినవాడు అతనొక్కడే. లారీ డ్రైవరు శ్రీహరిది మండవల్లి. బెయిలు మీద ఉన్నాడు. వచ్చే సోమవారం భీమడోలు కోర్టులో కార్తికేయ సాక్ష్యం చెప్పాలి.

తమ్ముడి సంవత్సరీకాలు అయ్యాక, ఆ దారిలో వాడికి బదులు నేను వెళ్తానని మనోజ్ఞ పట్టుబట్టింది. కాలేజీలో జువాలజీ చెప్పుకునే మనిషికి ఇదేం పిచ్చి అన్నారు అందరూ. కార్తికేయ మాత్రం ఒక్క మాట అడ్డు చెప్పకుండా సరేనన్నాడు. ఆ సరే అన్నందుకే అతని మీద మునుపు లేనంత ప్రేమ పుట్టుకొచ్చింది ఆమెకి. జూన్లో ప్రయాణం. ఇది ఏప్రిల్, శనివారం. బండ్లు తేల్చుకోవడానికి ఏలూరు వచ్చారు.

* * *

కనుచూపు మేరలో కొండ లేని ఊళ్ళో కొండలెక్కే సైకిళ్ళు అమ్మాలంటే గుండె ధైర్యం ఉండాలి. కామరాజు గారికి అది అవసరానికి మించే ఉంది. వాళ్ళ తాత బియ్యం బస్తాలు మోసే సైకిళ్ళు అమ్మాడు, తండ్రి పాలవాళ్ళ సైకిళ్ళు అమ్మాడు. ఈయన ఇరవై ఏడు గేర్ల బండ్లు తెచ్చి వన్‌టౌన్ సందులో వేలాడదీశాడు. కొన్న కుర్రాళ్ళు వాటిని ఎక్కించగలిగిన ఎత్తల్లా రైల్వే ఓవర్‌బ్రిడ్జి. అయినా బండి గురించి ఆయన మాటకి జిల్లాలో తిరుగులేదు. అరవై రెండేళ్ళ వయసులో కూడా బోల్టు బిగించేటప్పుడు కళ్ళు మూసుకుని, చేత్తోనే సరిచూసుకునే మనిషి.

మనోజ్ఞ కొట్లోకి వస్తూనే గోడ వైపు చూసింది. మణిదీప్ బండి అక్కడ కొక్కేనికి వేలాడుతోంది. నీలం రంగు, ఒక్క గీత కూడా లేదు. పదిహేను నెలలుగా ఆయన దాన్ని తుడిచి, చెయినుకి నూనె వేసి ఉంచాడు.

"నాకు అది చాలదాండీ?" అంది మనోజ్ఞ.

కామరాజు గారు బండి దించి, ఆమె ముందు నిలబెట్టాడు. "ఎక్కి నిలబడమ్మా. కూర్చోవద్దు, నిలబడు చాలు."

ఆమె నిలబడింది. మడమలు నేలకి ఆనలేదు. హ్యాండిల్ అందుకోవడానికి నడుం వంగిపోయింది.

"ఇది పంతొమ్మిది అంగుళాల ఫ్రేమండీ. మీకు పదిహేను కావాలి. ఇక్కడినుంచి భీమడోలు దాకా అయితే తొక్కేస్తారు. రోజుకి అరవై కిలోమీటర్లు, వంద రోజులు... నడుం పోద్ది, మణికట్లు పోతాయి. తమ్ముడి మీద ప్రేమ ఉండొచ్చమ్మా. బండికి అది తెలీదు కదండీ."

ఆయన ఆ మాట మెత్తగానే అన్నాడు కానీ మనోజ్ఞకి కళ్ళనీళ్ళు తిరిగాయి. వాడి బండి మీద వాడి దారిలో వెళ్ళాలని ఆర్నెల్లుగా మనసులో పెట్టుకుంది. అది నాలుగంగుళాల దగ్గర ఆగిపోయింది.

"వాడిది నేను తొక్కుతాలే," అన్నాడు కార్తికేయ, ఎటో చూస్తూ. అతనూ మణిదీప్ ఒకే ఎత్తు. అతని సొంత బండి ఇంకా పోలీస్ స్టేషన్ వెనక, వంగిపోయిన చక్రంతో పడి ఉంది.

కామరాజు గారు మూడు బండ్లు బయటికి తెచ్చి ఎండలో పెట్టాడు. మొదటిది ముందూ వెనకా షాక్ అబ్జార్బర్లతో మెరిసిపోతోంది. రెండోదానికి ముందు మాత్రమే షాకులు. మూడోది ఆకుపచ్చ రంగు ఇనప బండి. షాకుల్లేవు, మెరుపు లేదు, చూడగానే ముచ్చటపడే లక్షణం ఒక్కటీ లేదు.

"మొదటిది చూడు మనూ. చేతులకి కుదుపే తెలీదు," అన్నాడు కార్తికేయ.

"నిజమేనండీ, తెలీదు. ఆ షాకుల్లో ఆయిలు కారిందనుకోండి, దాని సీలు ఏలూరులో దొరకదు. నేను హైదరాబాదు నుంచి తెప్పిస్తాను, అదీ వారానికి వస్తుంది. ఆ కొండల్లో ఎవరు తెస్తారండీ మీకు?"

"మరి రెండోది?"

"బాగుంటుందండీ. కానీ అల్యూమినియం. విరిగితే అతికేవాడు దొరకడు. ఇదిగో ఈ ఇనపదైతే, ఇళ్ళకి గేట్లు అతికేవాడెవడైనా అతికేస్తాడు. ఏ దేశంలోనైనా గేట్లుంటాయి కదండీ. బరువు రెండు కిలోలు ఎక్కువ. లావుపాటి టైర్లు వేసి, గాలి కొంచెం తగ్గించానంటే కుదుపు సగం అవే మింగేస్తాయి. చిన్న గేరు ఇంకా చిన్నది వేస్తాను. ఎక్కలేని చోట దిగి నడిపించుకోండి, సిగ్గేం లేదు."

మనోజ్ఞ ఆకుపచ్చ బండి హ్యాండిల్ మీద చెయ్యి వేసింది. మిగతా రెండింటి వైపూ మళ్ళీ చూడలేదు.

కామరాజు గారికి ఇంకో అలవాటు ఉంది. దూరప్రయాణానికి బండి తీసుకునేవాళ్ళని ఖాళీ బండి మీద పంపడు. క్యారియర్‌కి రెండు వైపులా పదేసి కిలోల బియ్యం సంచులు కట్టి, కొల్లేరు దాకా వెళ్ళి రమ్మంటాడు. సామాను మోస్తే బండి ఎలా ఊగుతుందో తెలియాలంటాడు. ఆ సంచులు కట్టడానికి బెల్టులు చాలలేదని కార్తికేయ మెయిన్ బజారుకి వెళ్ళాడు.

"ఈలోగా సందులో ఒక చుట్టు రండమ్మా. నేను పక్కనే వస్తాను."

ఆమె తొక్కుతుంటే ఆయన లుంగీ ఎగ్గట్టి పక్కన పరుగులాంటి నడకతో వచ్చాడు. సీటు ఎత్తు సరిపోయిందా, మోకాలు లాగుతోందా అని అడుగుతూ వచ్చి, ఉన్నట్టుండి "ఆపండి!" అని గావుకేక పెట్టాడు.

మనోజ్ఞ బ్రేకు నొక్కేసి, కాలు కింద పెట్టింది. "ఏమైందండీ!"

"ఏం కాలేదమ్మా, చూశానంతే. అందరికీ ఇలాగే అరుస్తాను. కంగారులో మొదట ఏ చెయ్యి బిగుస్తుందో చూడాలి కదండీ. మీకు ఎడమది బిగిసింది. మనవాళ్ళందరికీ అంతే. కుడిది ముందు చక్రం బ్రేకు, గట్టిగా పట్టుకుంటే ముందుకి పడేస్తుందని చిన్నప్పుడే చెబుతారు. అందుకని చెయ్యి ఎడమదాని మీదికే పోతుంది. ఈ బండి మన పద్ధతిలోనే బిగించాను, మీకు భయం లేదు. అదే మీ ఆయనగారి బండైతే..."

అక్కడ ఆయన నాలిక్కరుచుకున్నాడు.

"ఆయన బండైతే ఏమవుతుందండీ?"

"ఏం లేదమ్మా. పదండి, సీటు ఒక అరంగుళం దింపుదాం."

మనోజ్ఞ బండి దిగలేదు. "కామరాజు గారూ, చెప్పండి."

ఆయన లుంగీ దించుకుని, సందులో అటూ ఇటూ చూశాడు. చెప్పక తప్పదని ఆయనకీ తెలిసిపోయింది. "ఆయన బండి జర్మనీ నుంచి వచ్చింది కదండీ, బెంగుళూరులో ఎవరి దగ్గరో కొన్నారు. ఆ దేశాల్లో బ్రేకులు మనకి తిరగేసి ఉంటాయి. ఎడమచేతిది ముందు చక్రానికి. వాళ్ళు రోడ్డుకి కుడి పక్క వెళ్తారు కదా, ఎడమ చెయ్యి చాపి మలుపు తిరుగుతారు, అప్పుడు హ్యాండిల్ మీద మిగిలే కుడిచేతికి వెనక బ్రేకు ఉండాలి, అందుకని. అరపూట పనండీ, మార్చేస్తానన్నాను. వద్దన్నారు. మనం వెళ్ళే చోట అందరివీ ఇలాగే ఉంటాయి, ఇప్పట్నుంచే అలవాటు చేసుకుంటానన్నారు. అలవాటు చేసుకున్నారు కూడా. ఆయనకేం ఇబ్బంది లేదు."

"ఆ రోజు ఆ బండి మీద ఉన్నది మా తమ్ముడండీ."

"తెలుసమ్మా. ఆ నీలం బండి గీత పడకుండా నా కొట్టుకి వచ్చినప్పుడే తెలిసింది." ముసలాయన ఆకుపచ్చ బండి బ్రేకు తీగని వేలితో తడిమాడు. "మీ ఆయన బాబుకి చెప్పే ఉంటారనుకున్నానండీ. బండి చేతులు మారేటప్పుడు ఎవరైనా మొదట చెప్పేది అదే కదా. చెప్పే ఉంటారని పదిహేను నెలలుగా అనుకుంటూనే ఉన్నాను. ఆ అరపూట పని నేను బలవంతానైనా చేసెయ్యాల్సిందండీ."

సందు మొగలో కార్తికేయ బెల్టుల చుట్ట పట్టుకుని వస్తూ కనిపించాడు. మనోజ్ఞ కామరాజు గారి వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఆయన గబగబా కొట్లోకి వెళ్ళి, రెంచి కోసం వెతుకుతున్నట్టు సొరుగులన్నీ లాగాడు.

* * *

ఊరు దాటాక కైకలూరు రోడ్డు కొల్లేట్లోకి దిగుతుంది. రెండు పక్కలా చేపల చెరువులు, వాటి మధ్య గట్లు, నీళ్ళు తీసిన చోట ఎండి నెర్రెలిచ్చిన నల్లమట్టి. ఉదయం కాసిన ఎండ పోయి ఆకాశం బూడిద రంగుకి తిరిగింది. ఇరవై కిలోల బియ్యంతో బండి బరువుగా ఊగుతోంది కానీ మనోజ్ఞకి అదేమీ తెలియడం లేదు. ముందు వెళ్తున్న భర్త వీపుని చూస్తూ తొక్కుతోంది.

చెప్పే ఉంటారు అనుకుంది. శ్రీపర్రు దాటేదాకా అలాగే అనుకుంది. కార్తికేయ జాగ్రత్త మనిషి. ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్లో రోజూ పది లారీల లెక్క పొల్లుపోకుండా చూసేవాడు, రాత్రి పడుకునే ముందు గ్యాస్ కట్టేశావా అని రెండుసార్లు అడిగేవాడు. అలాంటివాడు చెప్పకుండా ఎలా ఉంటాడు? చెప్పే ఉంటాడు. మరి చెప్పి ఉంటే, పదిహేను నెలల్లో ఒక్కసారైనా ఆ బ్రేకు మాట ఇంట్లో ఎందుకు రాలేదు? పెదఎడ్లగాడి వంతెన కనిపించేదాకా ఆమె అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందో అని భయపడింది, అంతే.

వంతెన అవతల ఒక చెరువు గట్టు మీద కార్తికేయ ఆగాడు. సీసా తీసి ఆమెకి నీళ్ళిచ్చాడు. చెరువులో నీటికి గాలి ఎక్కించే మరలు నీళ్ళు చిమ్ముతూ గడగడలాడుతున్నాయి. మేత వాసన గుప్పుమంటోంది.

"బండి బాగా కుదిరింది మనూ. నడుం లాగిందా?"

"ఏవండీ, ఒకటి అడుగుతాను. మీ బండికి ఎడమచేతిది ముందు బ్రేకని తమ్ముడికి చెప్పారా?"

కార్తికేయ సీసా మూత బిగించాడు. బిగిసిన మూతని మళ్ళీ బిగించాడు.

"కామరాజు గారు ఏమన్నారు?"

"ఆయన సంగతి వదిలేయండి. మీరు చెప్పారా, లేదా?"

"ఇప్పుడు అదంతా ఎందుకు మనూ. వాడు తిరిగొస్తాడా?"

మనోజ్ఞకి సమాధానం వచ్చేసింది. అయినా వదల్లేదు. "చెప్పారా అండీ?"

"లేదు."

అతను గట్టు మీద కూలబడ్డాడు. నీళ్ళ వైపు చూస్తూనే మొదలుపెట్టి, ఇక ఆపలేదు.

"చెప్పాలనే అనుకున్నాను. టీ తాగుతూ వాడు ఏదో జోకు వేశాడు, నవ్వుతూనే బండ్లు మార్చుకున్నాం. నా బండి వాడే అడిగాడు, 'బావా, ఒక్కసారి జర్మనీ బండి ఎక్కనీయవా' అని. వంద గజాలు వెళ్ళాక గుర్తొచ్చింది నాకు. గుర్తొచ్చింది మనూ! వాడు ముందు పోతున్నాడు, మంచులో వెనక లైటు ఒక్కటే కనబడుతోంది. పిలిస్తే ఆగాలి, మళ్ళీ బయల్దేరాలి. ఏలూరు వచ్చాక చెబుదాంలే అనుకున్నాను."

మనోజ్ఞ నిలబడే ఉంది.

"తొక్కి వాడి దగ్గరికి వచ్చేశాను, అంతలో డివైడర్ మీంచి గేదె దిగింది. వాడు బ్రేకు పట్టుకున్నాడు. వెనక చక్రం గాల్లోకి లేచింది. వాడు హ్యాండిల్ మీంచి ఎగిరి అవతల పడ్డాడు."

"లారీ?"

"వెనక వస్తోంది. నెమ్మదిగానే వస్తోంది, లైట్లు వేసుకుని. వాడు పడ్డాక వచ్చింది. అతను బ్రేకు వేశాడు. లోడు బండి, ఆగలేదు."

"వెనక నుంచి గుద్దేసిందని చెప్పారు మీరు."

"నేను చెప్పలేదు మనూ! జనం చేరి, లారీ గుద్దేసిందా అని అడిగారు. ఊఁ అన్నాను. అంతే, ఊఁ అన్నాను. ఎస్సై వచ్చి అదే రాసుకున్నాడు. మీ నాన్నగారు హాస్పిటల్ మెట్ల మీద నా భుజాలు పట్టుకుని అదే అడిగారు. ఆ ముఖం చూసి ఇంకేం చెప్పను?"

"ఆ డ్రైవరుని కొట్టారు కదా జనం. పళ్ళు రాలిపోయేలా కొట్టారని పేపర్లో కూడా రాశారు."

"కొట్టారు."

"మీరు అక్కడే ఉన్నారు."

అతను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. మనోజ్ఞకి అతని మీద జాలి కలిగింది. జాలి కలిగినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. మర్చిపోవడాన్ని, తర్వాత చెబుదాంలే అనుకోవడాన్ని ఆమె క్షమించగలదేమో, ఎవరు అలా చెయ్యరు? కానీ పదిహేను నెలలు పక్కన పడుకుని, తను ఏడ్చినప్పుడల్లా వీపు నిమిరి, ఆ లారీవాడు నాశనమైపోవాలని తను తిడుతుంటే ఊరుకున్న మనిషిని ఏమనాలో ఆమెకి తెలియలేదు. ఆ తిట్లన్నీ ఇప్పుడు తన నోట్లోనే చేదుగా మిగిలాయి.

"సోమవారం ఏం చెబుతారు?"

"రాసిందే చెప్పాలి. మార్చి చెబితే అబద్ధపు వాంగ్మూలం ఇచ్చానని నా మీదే కేసు పెడతారు. ఊరు దాటనివ్వరు, ఇక కిర్గిజ్ ఏంటి? ప్రయాణం ఆగిపోతుంది మనూ. అక్కడికి వెళ్ళాలన్నది వాడి కోరిక. వాడి కోసమైనా..."

"వాడి పేరెత్తకండి."

"నీకు చెప్పకూడదని కాదు. ఆ కొండల్లో, మనిద్దరమే ఉన్నప్పుడు, ఎక్కడో ఒకచోట చెబుదామనుకున్నాను. ఒట్టు."

"వాడికి ఏలూరులో చెబుదామనుకున్నారు. నాకు కొండల్లో చెబుదామనుకున్నారు. ఆ డ్రైవరుకి ఎక్కడ చెబుదామనుకున్నారండీ?"

మనోజ్ఞ గట్టు దిగి బండి ఎక్కింది. రోడ్డు మీదికి వచ్చాక ఏలూరు వైపు తిరగలేదు. "మనూ! ఎక్కడికి?" అని వెనక నుంచి అతను అరుస్తున్నాడు. ఆమె ఆ డ్రైవరు ఊరు మండవల్లి వైపు తొక్కడం మొదలుపెట్టింది.

* * *

ఆ డ్రైవరు ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. సెంటర్లో టీ కొట్టు దగ్గర అడిగితే, "యాక్సిడెంటు శ్రీహరా అండీ?" అన్నాడు టీ పోసేవాడు. ఆ మనిషికి ఊళ్ళో అదే పేరైపోయింది. కాలవ పక్కన, రేకుల ఇల్లు, జామచెట్టు గుర్తు.

వాకిట్లో ఒకావిడ పీట మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. ఎదురుగా సైకిలు మీద, చెమటతో తడిసిపోయిన చుడీదారుతో, బియ్యం సంచులు వేసుకుని వచ్చిన మనిషిని చూసి తెల్లబోయింది.

"శ్రీహరి గారి ఇల్లు ఇదేనాండీ?"

"ఇదేనండీ. నేను వాళ్ళావిణ్ణి, విజయదుర్గ. తమరెవరో..."

మనోజ్ఞ దారిపొడుగునా ఈ మాట కూడబలుక్కుంటూనే వచ్చింది. తీరా ఇక్కడికి వచ్చేసరికి అది ముక్కలు ముక్కలుగా వచ్చింది. "గుండుగొలను దగ్గర... ఆ అబ్బాయి... నేను వాడి అక్కని."

విజయదుర్గ చేతిలో రొయ్య జారిపోయింది. లేచి, తడిచేతులు చీరకి తుడుచుకోవాలని కూడా తోచక, అలాగే రెండు చేతులూ జోడించింది. "అమ్మగారూ, మమ్మల్ని శపించకండి. మా ఆయన కావాలని చెయ్యలేదండీ. మనిషి మనిషిలా లేడు. స్టీరింగు ముట్టుకోడు, చెరువు మీద మేత చల్లే పనికి పోతున్నాడు. సోమవారం జడ్జిగారి ముందు నేరం ఒప్పేసుకుంటానంటున్నాడండీ. వకీలు వద్దంటున్నా వినడం లేదు."

"ఎందుకు ఒప్పుకోవడం?" అంది మనోజ్ఞ.

"నేనే చంపానమ్మా, అందుకు," అన్న మాట లోపలి నుంచి వచ్చింది. శ్రీహరి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. నలభై ఏళ్ళ మనిషి. పై పెదవి ఒక పక్కకి లాగేసి ఉంది. మాట కొంచెం నత్తిగా పడుతోంది. "లోపలికి రండి అనే మొహం లేదు నాకు. దుర్గా, అమ్మగారికి కుర్చీ వెయ్యి."

మనోజ్ఞ కూర్చోలేదు.

"మంచు తల్లీ. బానెట్టు ముందు ఏముందో కనబడ్డం లేదు. నిమ్మళంగానే వత్తన్నాననుకున్నాను. ఏదో నీడలా కనబడితే బ్రేకేశాను, ఆగలేదు; బండి కింద చప్పుడయ్యాక మనిషని తెలిసింది. దిగి చూస్తే బాబు. ఆ రెండో సైకిలాయన 108కి ఫోన్ చేస్తా రోడ్డు మీద అటూ ఇటూ పరిగెడతన్నారు. నేను బాబు తల ఒళ్ళో పెట్టుకున్నాను. అప్పటికి జనం ఇంకా రాలేదు." అతను ఆగి, పెదవి తడుపుకున్నాడు. "మీ వాళ్ళెవరైనా వస్తే చెబుదామని ఒకమాట దాచుకున్నానమ్మా. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. బాబు నా చెయ్యి పట్టుకుని 'మీ తప్పు కాదండీ' అన్నాడు. రెండుసార్లన్నాడు."

మనోజ్ఞ హ్యాండిల్ని గట్టిగా పట్టుకుంది. మణిదీప్ గొంతు ఆమెకి వినిపించింది. కొత్తవాళ్ళెవరినైనా సరే అండీ అనకుండా పలకరించలేని వాడి గొంతు.

"పోలీసులకి ఎందుకు చెప్పలేదండీ ఈ మాట?"

"ఎవరు నమ్ముతారమ్మా? తప్పించుకోడానికి పోయినోడి నోట్లో మాట పెట్టాడంటారు. అయినా అది నిజం మాటేంటండీ. నేను ఏడుస్తుంటే చూడలేక అన్నాడు. అంత నొప్పిలో కూడా నన్ను ఓదార్చాడు. అలాంటి బాబుని చంపుకున్నానమ్మా నేను. ఒప్పుకోకపోతే ఎలా?"

మనోజ్ఞ ఏదో చెప్పబోయింది. అప్పుడే వెనక గులకరాళ్ళ మీద టైర్లు రాసుకున్న చప్పుడైంది. నీలం బండి మీద కార్తికేయ వచ్చి, కాలవ ఒడ్డున ఒక కాలు ఆనించి ఆగాడు. దిగలేదు. శ్రీహరి చివరి మాటలు విన్నాడని అతని ముఖంలో తెలుస్తోంది.

శ్రీహరి అతన్ని చూసి గుర్తుపట్టాడు. గుమ్మం వదిలి, వాకిట్లోకి దిగి, మనోజ్ఞని దాటుకుని అతని ముందుకి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బాబుగారూ, సోమవారం సాక్ష్యం తమరిదే కదండీ. నా పెళ్ళాం పిల్లల మొహం చూసి మాట తగ్గించి చెప్పొద్దు. మీరు ఆ రోజు ఏం చూశారో, ఉన్నది ఉన్నట్టు చెప్పేయండి. నేనేమీ అనుకోను."

మనోజ్ఞ భర్త ముఖంలోకే చూస్తోంది. కార్తికేయ బండి దిగి, నోరు తెరిచాడు.